జెండా మారింది సరే, రష్యా తీరు మారిందా? (మా ఇంటి ఆదివారం పంచాయితీ)

పుల్లట్టు
ఆదివారం భోజనాలంటేనే టెన్షన్‌గా ఉంది. మామయ్యగారు సోవియట్ సాయంతో కట్టిన విశాఖ ఉక్కులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయన ముందు రష్యాని ఒక్క మాటన్నా సొంత చెల్లెల్ని అన్నట్టే. మా బావమరిదికి జర్మనీలో ఉద్యోగం, ప్రస్తుతం ఇంట్లోనే ఉన్నాడు. వాడికేమో ఆ పేరు వింటేనే ఒళ్ళు మంట. "అప్పటి సోవియట్ వేరు, ఇప్పటి రష్యా వేరు. అప్పుడు సిద్ధాంతం, ఇప్పుడు వ్యాపారం" అని ఆయన. "జార్ అయినా, స్టాలిన్ అయినా, పుతిన్ అయినా పక్కవాడి గట్టు జరపడమే వాళ్ళ పని" అని వీడు. తండ్రీకొడుకుల మధ్య అల్లుణ్ణి, నా పరిస్థితి ఊహించుకోండి. సాంబారు చల్లారిపోతోంది.

1991లో పార్టీ పోయింది, దేశం పదిహేను ముక్కలైంది. మరి బయటి దేశాలతో వ్యవహరించే తీరు మారిందా, లేదా? ఇప్పటి ఉక్రెయిన్ యుద్ధంలో తప్పెవరిది అనే గొడవ వద్దు, అది మా ఇంట్లో కావలసినంత ఉంది. వచ్చే ఆదివారం లోపల కాస్త సరుకు ఇవ్వండి.

ఉప్మా విరోధి
అల్లుడు నోరు మూసుకుని పప్పులో నెయ్యి వేసుకోవాలి. దీన్నే అలీన విధానం అంటారు.

గ్రూప్స్ గోల
మా మెటీరియల్‌లో ఉన్నది: 1917 నుంచి 1991 దాకా సిద్ధాంతం, ఆ తర్వాత జాతీయ ప్రయోజనం. పది మార్కుల ప్రశ్న. మీ మామయ్యగారే కరెక్ట్.

చాక్‌పీసు
ఆ మెటీరియల్ అమ్మినవాళ్ళ దగ్గర డబ్బు వెనక్కి అడుగు బాబూ. సిద్ధాంతానికీ ప్రయోజనానికీ మధ్య గీత 1991లో కాదు, 1918లోనే చెరిగింది.

విప్లవం రాగానే ట్రాట్‌స్కీకి విదేశాంగం అప్పగించారు. నాలుగు విప్లవ ప్రకటనలు జనం మీదకి వదిలి దుకాణం కట్టేస్తానన్నాడు. తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు ఆ మాట. ప్రపంచమంతా విప్లవం వచ్చేస్తుంటే ఇంక రాయబారులెందుకని ఆయన లెక్క. జార్ కాలపు రహస్య ఒప్పందాలు బీరువాల్లోంచి తీసి పత్రికల్లో అచ్చేశారు. అరబ్బుల నేలను బ్రిటనూ ఫ్రాన్సూ చాటుగా పంచుకున్న సైక్స్–పికో ఒప్పందం లోకానికి తెలిసింది అప్పుడే, 1917 నవంబరులో.

నాలుగు నెలలు తిరక్కుండా బ్రెస్ట్ లిటోవ్‌స్క్‌లో జర్మన్ కైజర్ ప్రభుత్వంతో సంతకం. ఉక్రెయిన్, పోలండ్, బాల్టిక్ ప్రాంతాలు వదిలేసుకున్నారు. పార్టీలో చాలామంది ద్రోహం అని మండిపడ్డారు. ముందు మన ప్రభుత్వం బతకాలి, ప్రపంచ విప్లవం సంగతి తర్వాత అన్నాడు లెనిన్.

అలా దుకాణం కట్టేస్తామన్నవాళ్ళు రెండు దుకాణాలు తెరిచారు. ఒకటి మామూలు విదేశాంగ శాఖ. రెండోది 1919లో పెట్టిన కొమింటర్న్, అంటే దేశదేశాల కమ్యూనిస్టు పార్టీల కేంద్రం. 1922లో మొదటి దుకాణం రపాల్లోలో జర్మనీతో స్నేహ ఒప్పందం చేసుకుంది, ఆ తర్వాత లిపెట్స్క్‌లో జర్మన్ పైలట్లకి గుట్టుగా శిక్షణ కూడా ఇచ్చారు. 1923లో రెండో దుకాణం అదే జర్మనీ ప్రభుత్వాన్ని పడగొట్టడానికి తిరుగుబాటు వేయించబోయింది! 1943లో, మిత్రపక్షాల మనసు నొప్పించకుండా, స్టాలిన్ రెండో కొట్టుకి తాళం వేశాడు.

1939 సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క మాట. రహస్య ఒప్పందాలు సిగ్గుచేటని అచ్చేసిన ప్రభుత్వమే హిట్లర్‌తో రహస్య పత్రం రాసుకుని తూర్పు యూరప్‌ని పంచుకుంది. అలాంటి కాగితమే లేదని 1989 డిసెంబరు దాకా బుకాయించింది.

పుల్లట్టు
మాస్టారూ, ఇది బావమరిది చూశాడంటే నా పని అయిపోయినట్టే. మామయ్య వైపు కూడా ఏదైనా ఇవ్వండి.

ఎర్రమందారం
నేనిస్తాను. చాక్‌పీసుగారు 1939 చెప్పి 1938 దాటేశారు. మ్యూనిక్‌లో చెకొస్లొవేకియాని హిట్లర్‌కి పళ్ళెంలో పెట్టి ఇచ్చింది బ్రిటనూ ఫ్రాన్సూ కాదా? 1939 ఆగస్టులో మాస్కోలో ఆ రెండు దేశాల సైనిక బృందాలతో చర్చలు జరిగాయి. తేలలేదు. అప్పుడుగానీ హిట్లర్ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ విమానం దిగలేదు.

అంతా స్వార్థమే అయితే క్యూబా పంచదారని ప్రపంచ ధర కంటే ఎక్కువ పెట్టి ఏళ్ళ తరబడి ఎందుకు కొన్నట్టు? దక్షిణాఫ్రికాలో జాతి వివక్షతో పోరాడేవాళ్ళకి పశ్చిమ దేశాలు మొహం చాటేసినప్పుడు ఆయుధాలూ చదువులూ ఇచ్చిందెవరు? 1960లో మాస్కోలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా పేద పిల్లల కోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టారు, మరుసటి ఏడు దానికి కాంగో నాయకుడు లుముంబా పేరు పెట్టారు. ఇప్పటి రష్యా అలాంటిది ఒక్కటి చేసిందా? అందుకే మామయ్యగారి మాటలో సగం నిజం.

ఉప్మా విరోధి
క్యూబా చక్కెర, హైదరాబాద్ ఇరానీ చాయ్. కమ్యూనిజం అక్కడే గెలిచి ఉండేది.

నల్గొండోడు
సిద్ధాంతమా ప్రయోజనమా అంటే మా జిల్లా కథ చాలు. 1951 మొదట్లో నలుగురు కమ్యూనిస్టు నాయకులు దొంగచాటుగా ఓడెక్కి మాస్కో పోయిన్రు. అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. నలుగురిలో ఇద్దరు మనోళ్ళే. తెలంగాణ సాయుధ పోరాటం నడిపిద్దామా ఆపుదామా, చైనా దారా రష్యా దారా అని స్టాలిన్‌నే అడుగుదామని.

ఆ సంభాషణ రికార్డులు సోవియట్ పోయినంక బయటికొచ్చినయి. స్టాలిన్ చెప్పిన దాంట్ల విప్లవ కవిత్వం ఏమీ లేదు, అంతా భూగోళమే. చైనా గెరిల్లాలకి మంచూరియాలో సోవియట్ సరిహద్దు వీపుకి ఆనింది, మీకు వెనక ఎవరున్నరు అని అడిగిండు. నెహ్రూ ప్రభుత్వాన్ని కీలుబొమ్మ అనలేను అని కూడా అన్నడు. అదే సంవత్సరం అక్టోబరుల పోరాటం విరమణ ప్రకటించిన్రు. మా తాత తుపాకి బావిలో పడేసినరోజు గురించి ఇంట్ల ఇప్పటికీ చెప్పుకుంటరు.

ఎర్రమందారం
నల్గొండ తమ్ముడూ, స్టాలిన్ ఆపమంటే ఆపారన్నట్టు రాయకు. 1948 సెప్టెంబరులో సైన్యం దిగినప్పటి నుంచి దళాలు అడవి పట్టాయి, ఎందరు పోయారో నీకు తెలుసు. పార్టీలోనే మూడు ముక్కల వాదం నడుస్తోంది. ఆయన చెప్పింది సలహా.

నల్గొండోడు
సలహానే అన్నా. నేను ఆజ్ఞ అనలేదు. కానీ ఆయన సలహా ఇచ్చేటప్పుడు దేనిని కొలమానంగా పెట్టుకున్నడో చూడు. సిద్ధాంతం కాదు, సరిహద్దు. మళ్ళీ మూడు నెలలకే ఎన్నికలల్ల రావి నారాయణరెడ్డికి నల్లగొండల నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీ వచ్చింది, అది వేరే ముచ్చట.

చాక్‌పీసు
ఈ థ్రెడ్‌లో ఇంతవరకు ఇదే మంచి పోస్టు. నాదాంతో సహా చెబుతున్నాను.

టాలిన్ చలి
ఎనిమిదేళ్ళుగా ఎస్టోనియాలో ఉంటున్నాను. ఇక్కడినుంచి చూస్తే ప్రశ్నే వేరుగా కనిపిస్తుంది.

మా ఆఫీసులో నా పక్క సీటావిడ వాళ్ళ అమ్మమ్మని 1949 మార్చిలో గూడ్సు పెట్టెలో ఎక్కించి సైబీరియా పంపారు. ఆ ఒక్క నెలలో ఈ చిన్న దేశం నుంచే 20 వేలమందికి పైగా. ఎక్కువ మంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నా చిన్నప్పుడు మాస్కోలో అచ్చయిన పిల్లల పుస్తకాలు తెలుగులో చదివానని చెబితే ఆవిడ నమ్మలేదు. ఆ రంగుల బొమ్మలు, ఆ కాగితం వాసన, గుడిసెలో ముసలమ్మ, ఎలుగుబంటి... నేను ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే ఆవిడ కాఫీ కప్పు వైపు చూస్తూ కూర్చుంది. మధ్యలో ఆపేశాను.

1989 ఆగస్టు 23న, అంటే చాక్‌పీసుగారు చెప్పిన హిట్లర్–స్టాలిన్ ఒప్పందానికి సరిగ్గా యాభై ఏళ్ళకి, టాలిన్ నుంచి విల్నియస్ దాకా ఆరు వందల కిలోమీటర్లకు పైగా జనం చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. సుమారు 20 లక్షల మంది అంటారు. ఆ రహస్య కాగితం ఉందని మాస్కో నాలుగు నెలల తర్వాత ఒప్పుకుంది మరి.

పుల్లట్టుగారూ, మీ బావమరిది జర్మనీలో ఉండి పక్కింటివాళ్ళ మాటలు వింటున్నాడు. మీ మామయ్య ఉక్కు ఫ్యాక్టరీ గేటులోంచి చూస్తున్నారు. రష్యాకి దగ్గరున్నవాళ్ళూ దూరంగా ఉన్నవాళ్ళూ చూసేది ఒకే దేశాన్ని కాదు.

ఉప్మా విరోధి
దూరపు కొండలు నునుపు. అత్తారిల్లు కూడా అంతే, అందుకే నేను వేరే ఊళ్ళో ఉంటాను.

సోనార్
నేవీలో ఇరవై రెండేళ్ళు, ఎక్కువ భాగం విశాఖలో. మామయ్యగారు ఊరికే అనడం లేదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కించి పెట్టిన కుర్సురా జలాంతర్గామి చూశారా? 1969లో సోవియట్ నుంచి వచ్చింది. 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద దాడి చేసిన మిసైల్ బోట్లు సోవియట్‌వే. అప్పుడు మనవాళ్ళు రేడియోలో రష్యన్‌లో మాట్లాడుకున్నారని, వింటున్నవాళ్ళకి అర్థం కాలేదని మా సీనియర్లు మీసం మెలేసి చెప్పేవారు. అదే నెలలో భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలు వచ్చినప్పుడల్లా సోవియట్ వీటో. ఆ వీటోలు లేకపోతే ఢాకా దాకా వెళ్ళే టైము ఉండేది కాదు.

1988లో చక్ర వచ్చింది. అణు జలాంతర్గామిని ఒక దేశం ఇంకో దేశానికి అద్దెకివ్వడం అదే మొదటిసారి. 2012లో మళ్ళీ అదే పేరుతో రెండోది వచ్చింది. మొదటిది కమ్యూనిస్టులు ఇచ్చారు, రెండోది కమ్యూనిస్టులు పోయాక వచ్చింది. కాబట్టి నా ఓటు, మారలేదు.

గ్రూప్స్ గోల
సోనార్ సార్, మెటీరియల్ పక్కన పడేసి నిన్న లైబ్రరీలో కూర్చున్నా. 1962 అక్టోబరులో చైనా మన మీదకి వచ్చినప్పుడు అదే సోవియట్ ఏం చేసిందో చూశారా? అక్టోబరు 25న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా సంపాదకీయం చైనా ప్రతిపాదనలను వెనకేసుకొచ్చింది, మనం సరిహద్దుగా చెప్పే మెక్‌మహన్ రేఖ వలసవాదుల పీడ అన్నట్టు రాసింది. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే క్యూబా క్షిపణుల గొడవ. అమెరికాతో యుద్ధం వచ్చేలా ఉంది, చైనాతో తగవు పెట్టుకునే పరిస్థితి కాదు. క్యూబా గండం గడిచాక మళ్ళీ మనవైపు జరిగింది.

అదే సంవత్సరం జూన్‌లో కశ్మీర్ మీద మనకి వీటో వేసి పెట్టింది కూడా వాళ్ళే. నాలుగు నెలల తేడా!

చాక్‌పీసు
భేష్. ఇప్పుడు పది మార్కులకి పన్నెండు వేస్తాను.

దీనికి కొనసాగింపు 1969. ఉసురి నది మీద దమాన్‌స్కీ దీవి దగ్గర రష్యా, చైనా సైనికులు కాల్చుకున్నారు. ఇద్దరూ మార్క్సుని నమ్మినవాళ్ళే, మధ్యలో ఒక మెరక ముక్క. అప్పటినుంచి మాస్కోకి చైనా భయం. మనతో స్నేహ ఒప్పందం చర్చలు మొదలైంది కూడా ఆ సంవత్సరమే. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా గుట్టుగా బీజింగ్ వెళ్ళొచ్చాడని బయటపడింది, ఆగస్టు 9న ఢిల్లీలో రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రోమికో సంతకాలు పెట్టారు. సోనార్‌గారి వీటోల వెనక అంతా బంగ్లాదేశ్ మీద జాలే అనుకోకండి. 1968లో పాకిస్తాన్‌కి ఆయుధాలు అమ్మడానికి ఒప్పుకున్నది కూడా ఆ మాస్కోయే.

సోనార్
ఒప్పుకుంటా. ఆకలేసినవాడికి అన్నం పెట్టినవాడి మనసులో ఏముందో అడగం కదండీ. అయినా నావైపు నుంచి ఒక దెబ్బ నేనే చెబుతా.

1992, 93లో స్పేర్ పార్టుల కోసం మేం పడ్డ పాట్లు దేవుడికెరుక. అంతకుముందు మాస్కోలో ఒక్క టేబుల్ మీద పని అయ్యేది. ఉన్నట్టుండి ఓడ టర్బైన్ చేసే ఫ్యాక్టరీ ఉక్రెయిన్‌లో మికొలాయివ్‌లో, అంటే వేరే దేశంలో. వైమానిక దళం వాళ్ళ ఏఎన్ 32 విమానం కీవ్‌ది. మిసైల్ రష్యాది. మధ్యవర్తులు పుట్టుకొచ్చారు. ఒకడు పెట్టె పంపితే విప్పి చూశాం, వాడేసిన బేరింగులు గ్రీజు రాసి కొత్త కాగితంలో చుట్టి ఉన్నాయి. విమానవాహక నౌక విక్రమాదిత్య ధర సంగతి పేపర్లలోనే చదివారుగా, ఓడ ఉచితం, మరమ్మతులకే డబ్బులు అని 2004లో 97 కోట్ల డాలర్లు చెప్పి చివరికి 235 కోట్లు చేశారు.

పుల్లట్టు
సార్, మీ ఓటు "మారలేదు" అన్నారు.

సోనార్
దాన్ని చెల్లని ఓటు కింద వేసుకోండి.

ఒంగోలు గిత్త
మారలేదా? మా నాన్నని అడగండి.

మాది వర్జీనియా పొగాకు. 80ల్లో "రష్యావాడు కొంటాడు" అనేది మా ఊళ్ళో బ్యాంకు గ్యారంటీ లాంటి మాట. రూపాయి–రూబుల్ లెక్క, డాలర్లతో పని లేదు. మనం పొగాకు, టీ, బట్టలు పంపితే వాళ్ళు నూనె, యంత్రాలు, ఆయుధాలు. ఆ ధైర్యంతో నాన్న రెండో బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) కట్టాడు, 1990లో. దేశం పోయిందని రేడియోలో విన్నాడు, కొనేవాడు లేడని వేలం కేంద్రంలో తెలుసుకున్నాడు. ఆ బ్యారన్‌లో ఇప్పుడు గడ్డి వేస్తున్నాం.

పైగా ఆయుధాల బాకీ అలాగే ఉంది. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చి తేల్చిన లెక్క ప్రకారం దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు. కొంత పన్నెండేళ్ళు, మిగతాది నలభై ఐదేళ్ళు సరుకుల రూపంలో తీర్చాలి. ఇప్పుడు తమాషా చూడండి. 2022కి ముందు మనం కొనే ముడి చమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, తర్వాత మూడో వంతు దాటింది. 2023లో రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ గోవా వచ్చి మీ బ్యాంకుల్లో మా రూపాయలు గుట్టలు పడ్డాయి, ఏం చేసుకోవాలో తెలియట్లేదు అన్నాడు. మా నాన్న వెంటనే, "పొగాకు కొనమను" అన్నాడు.

ఉప్మా విరోధి
మీ నాన్నగారిని విదేశాంగ మంత్రిని చేయాలి. గ్రోమికో 28 ఏళ్ళు చేశాడు, లావ్రోవ్ 2004 నుంచి కదలలేదు. అక్కడ సర్కారు మారినా ఆ కుర్చీకి ట్రాన్స్‌ఫర్లు లేవు.

తెల్లకోటు
కుర్చీకి ట్రాన్స్‌ఫర్ లేదనడం తప్పు బ్రో, మధ్యలో కోజిరెవ్ అని ఒకాయన వచ్చి వెళ్ళాడు. నేను రష్యాలో ఎంబీబీఎస్ చేశా. (కన్సల్టెన్సీవాడు హాస్టల్‌లో ఆంధ్రా మెస్ అని చెప్పి ఆరేళ్ళు బీట్‌రూట్ సూప్ తాగించాడు, అది వేరే థ్రెడ్.) మా ఇంటి ఓనరమ్మ మిథున్ చక్రవర్తి వీరాభిమాని, నోట్లోంచి చెడ్డ మాట రాదు. కోజిరెవ్ పేరెత్తితే మాత్రం తలుపు గడియ వేసి తిట్టేది. ఎందుకో నాకు అప్పుడు తెలీదు.

చాక్‌పీసు
చెబుతాను, ఇది నాకు ఇష్టమైన కథ.

ఆంద్రేయ్ కోజిరెవ్, 1990 నుంచి 96 మొదలు దాకా విదేశాంగ మంత్రి. రష్యా ఇక మామూలు పశ్చిమ దేశంలా బతకాలని నమ్మినవాడు. అమెరికా ఏమంటే దానికి తలూపుతాడని ఇంట్లో పేరు. 1992 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో యూరప్ మంత్రుల సమావేశంలో లేచి నిలబడి పాత సోవియట్ గొంతుతో అందుకున్నాడు. సెర్బియా మీద ఆంక్షలు ఎత్తేయండి, మాజీ సోవియట్ నేల అంతా మా ప్రయోజనాల ప్రాంతం, దాన్ని కాపాడుకోవడానికి సైనిక బలం కూడా వాడతాం అన్నాడు. హాల్లో మంత్రులకి చెమటలు పట్టాయి. అమెరికా మంత్రి ఈగిల్‌బర్గర్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు. కాసేపటికి కోజిరెవ్ మళ్ళీ వేదికెక్కి, ఇందాకటిది నా ప్రసంగం కాదు, మా ప్రతిపక్షం గెలిస్తే మీరు వినబోయే ప్రసంగం, శాంపిల్ చూపించాను అన్నాడు.

నాటకంలో చదివిన ఆ డైలాగుల్లో సగానికి పైగా తర్వాతి వాళ్ళు సీరియస్‌గా చదివారు. ఆ ఆరేళ్ళు నా దృష్టిలో నిజమైన మార్పు. సిద్ధాంతమూ లేదు, భూగోళమూ లేదు. ఖజానాలో డబ్బూ లేదు.

గ్రూప్స్ గోల
ఆ కాలం దెబ్బ మనకీ తగిలింది సార్. 1991లో రాకెట్‌కి వాడే క్రయోజెనిక్ ఇంజిన్లు, వాటి టెక్నాలజీ ఇస్తామని సోవియట్ అంతరిక్ష సంస్థ గ్లావ్‌కాస్మోస్ ఇస్రోతో ఒప్పందం. 1992 మేలో అమెరికా ఇద్దరి మీదా ఆంక్షలు. 1993లో రష్యా వంగింది. ఇంజిన్లు ఇస్తాం, చేసే విద్య ఇవ్వం అంది. శ్రీహరికోట నుంచి 2001 ఏప్రిల్‌లో మొదటి జీఎస్‌ఎల్‌వీ లేచింది ఆ రష్యన్ ఇంజిన్‌తోనే. మన సొంత ఇంజిన్‌తో విజయం 2014 జనవరిలో. 1971 ఒప్పందం స్థానంలో 1993లో కొత్తది రాశారు, ఒకరి మీద దాడి జరిగితే ఇద్దరూ కలిసి ఆలోచించుకోవాలన్న తొమ్మిదో నిబంధన ఎగిరిపోయింది.

ఎర్రమందారం
చూశారా! కమ్యూనిస్టులుంటే అలా వంగేవాళ్ళా?

టాలిన్ చలి
ఎర్రమందారం గారూ, ఆ "వంగిన" కాలంలోనే, 1994 ఆగస్టులో, రష్యా సైన్యం ఎస్టోనియా నుంచి వెళ్ళిపోయింది. ఇక్కడివాళ్ళకి యాభై ఏళ్ళలో మొదటి ఊపిరి. మీకు అవమానంగా కనిపించింది ఇక్కడ పండగ.

ఎర్రమందారం
పండగే అనుకుందాం. ఆ తర్వాత అమెరికా సైనిక కూటమి నేటో వచ్చి వాకిట్లో కూర్చోలేదా? జర్మనీ కలిసేటప్పుడు ఒక్క అంగుళం కూడా తూర్పుకి జరగం అని 1990 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి బేకర్ గోర్బచేవ్‌తో అన్నాడు. 1999లో పోలండ్, హంగరీ, చెక్. 2004లో మీ ఎస్టోనియాతో సహా ఏడు.

టాలిన్ చలి
నోటిమాట అది, ఒప్పందంలో ఎక్కడా లేదు. కాగితం మీద ఉన్నది 1994 డిసెంబరు బుడాపెస్ట్ పత్రం. ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదిలేస్తే సరిహద్దులు గౌరవిస్తామని రష్యా సంతకం పెట్టింది. 2014లో క్రిమియా ఏమైంది?

మోడరేటర్
పుల్లట్టుగారు మొదట్లోనే చెప్పారు. తప్పెవరిది అనేదానికి వేరే థ్రెడ్ ఉంది, 140 పేజీలు నడుస్తోంది, అక్కడికి వెళ్ళి కొట్టుకోండి.

చాక్‌పీసు
ఒక్క మాట చెప్పి ఆపేస్తాను మోడరేటర్‌గారూ. 1946లో మాస్కో నుంచి పెద్ద టెలిగ్రాం కొట్టి, సోవియట్‌ని కట్టడి చెయ్యాలనే విధానానికి పునాది వేసిన అమెరికన్ రాయబార ఉద్యోగి జార్జ్ కెన్నన్. ఆ కెన్ననే 1997లో, తొంభై దాటాక, నేటోని తూర్పుకి పెంచడం ఘోరమైన తప్పని రాశాడు. ఇద్దరి వాదనకీ ఆయన పనికొస్తాడు, చెరో ముక్క తీసుకోండి.

తెల్లకోటు
నా ఇంటర్ క్లాస్‌మేట్లు ఇద్దరు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేవాళ్ళు. యుద్ధం మొదలైన 2022 ఫిబ్రవరి 24న నేను రష్యాలో, వాళ్ళు అక్కడ బేస్‌మెంట్‌లో. మా వాట్సాప్ గ్రూప్ ఒకటే. నాకు మెస్ టైమింగ్స్ మెసేజ్, కింద వాళ్ళది సైరన్ వాయిస్ నోట్. ఆపరేషన్ గంగ విమానంలో వచ్చేశారు ఇద్దరూ. దానికి మించి దాని గురించి రాయలేను, మోడరేటర్ అన్నకి కూడా కోపం రాదనుకుంటా.

టాపిక్‌కి పనికొచ్చేది ఒకటి. మాస్కోలో విదేశాంగ శాఖ భవనం చూశా. స్టాలిన్ కట్టించిన ఏడు ఆకాశహర్మ్యాల్లో అదొకటి, 27 అంతస్తులు. ముందువైపు గోడ మీద పెద్ద సోవియట్ చిహ్నం, సుత్తీ కొడవలితో సహా, ఇంకా అలాగే ఉంది. గుమ్మం దగ్గర మాత్రం ఇప్పటి మూడురంగుల జెండా. రెండూ ఒకే ఫ్రేములో పడేట్టు ఫోటో తీశా. పుల్లట్టు అన్నా, నీకు పంపుతున్నా.

నల్గొండోడు
పుతిన్ గురించి ఎవరూ చెప్పలే. ఆయన కూడా ఒకే తీరు కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత బుష్‌కి మొదట ఫోన్ చేసింది ఆయనే. క్యూబాలో అమెరికా సంభాషణలు వినే గూఢచర్య కేంద్రం మూసేసిండు, వియత్నాంలో కామ్ రాన్ నౌకా స్థావరం ఖాళీ చేసిండు. సోవియట్‌వాళ్ళు కలలో కూడా చెయ్యని పని. అమెరికాని దుయ్యబట్టిన 2007 మ్యూనిక్ ప్రసంగానికి వచ్చేసరికి వేరే మనిషి. హిట్లర్ ఒప్పందం అనైతికమని 2009లో పోలండ్ పత్రికల రాసిండు, 2015లో మెర్కెల్ పక్కన నిలబడి దాంట్ల అర్థముంది అన్నడు.

సోనార్
చమురు ధర చూడండి ఆ తేదీల పక్కన పెట్టి. నాకు ఓడ నడిపినప్పటినుంచీ ఒకటే అలవాటు, ముందు ఇంధనం గేజ్ చూడటం.

చాక్‌పీసు
అది నిజమే గానీ అంతా చమురే అంటే ఒప్పుకోను. ఇంకో విచిత్రం చెప్పి క్లాసు వదిలేస్తాను. 1945లో ఐక్యరాజ్య సమితి పెట్టినప్పుడు సోవియట్‌కి ఒక్క ఓటు చాలదని పట్టుబట్టి ఉక్రెయిన్‌కీ బెలారస్‌కీ విడిగా సభ్యత్వం ఇప్పించింది స్టాలిన్. ఉక్రెయిన్ అనే దేశమే లేదు అనేవాళ్ళకి ఎదురుగా అప్పటినుంచీ ఆ పేరుతో సమితిలో కుర్చీ ఉంది.

ఉప్మా విరోధి
మాస్టారి క్లాసు అంటే బెల్లు కొట్టాక ఇంకో అరగంట అని అర్థం.

పుల్లట్టు
ఆదివారం రిపోర్టు.

పప్పు వడ్డించకముందే మొదలైంది. కోజిరెవ్ నాటకం చెప్పాను, ఇద్దరూ నవ్వారు. 1951 మాస్కో ప్రయాణం చెబితే మామయ్య కాసేపు మాట్లాడలేదు, తర్వాత బసవపున్నయ్యగారి మీటింగ్ ఒకటి గుర్తు చేసుకున్నారు. 1962 ప్రావ్దా సంగతి ఆయనకి ముందే తెలుసట! "తెలిసీ ఇన్నాళ్ళు చెప్పలేదేం నాన్నా" అని బావమరిది. "నువ్వు అడగలేదు" అని ఆయన. పొగాకు బ్యారన్ కథకి అత్తయ్య వంటింట్లోంచి వచ్చి నిలబడి విన్నారు.

చివరికి తెల్లకోటు తమ్ముడి ఫోటో చూపించాను. బావమరిది ఫోన్ లాక్కుని పెద్దది చేసి, "చూశావా నాన్నా, సుత్తీ కొడవలి తియ్యనే లేదు. నే చెప్పలే, వాళ్ళు మారరు!" అన్నాడు. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అదే కదరా నేననేది. పైన ఉన్నది వేరు, కింద గుమ్మం దగ్గర ఉన్నది వేరు" అన్నారు.

ఇద్దరూ ఫోటో వాట్సాప్ చెయ్యమన్నారు. చేశాను.

ఉప్మా విరోధి
సాంబారు సంగతి?

పుల్లట్టు
వేడిగానే తిన్నాం. ఈసారి అత్తయ్య ముందే వడ్డించేశారు.

టాలిన్ చలి
ఆ ఫోటో ఇక్కడ కూడా పెట్టండి. మా పక్క సీటావిడకి చూపిస్తా, మూడో అర్థం ఏం చెబుతుందో.